పావురాల గూడు – గాలికి దారి

కళాశాల వార్షిక సంచికకు ఏదైనా వ్రాయవలసిందని అధ్యాపకులు అడిగినప్పుడు విద్యార్థుల క్రమశిక్షణను గురించియో, జాతీయ సమైక్యతను గురించియో వ్రాయడమే మర్యాద అని నాకు తెలియనిది కాదు. అయినను నేను పావురాల గూటిని గురించి వ్రాయ సాహసిస్తున్నాను. నవ్వదలచిన మిత్రులు ఇక్కడనే నవ్వి ముందుకు సాగవలసిందిగా ప్రార్థన. ఎందుకనగా ఆ గూడు మా ఇంటిలో తండ్రీకొడుకులను మూడు వారాలపాటు మాట్లాడుకోకుండా చేసింది. తిరిగి వారిచేత మాట్లాడించినదీ ఆ గూడే.

మా ఇల్లు విశాఖపట్నం పాతపట్నంలో ఒక ఇరుకు సందులో ఉన్నది. సందులో నిలిచినవానికి ఆకాశం రిబ్బను ముక్కవలె కనబడుతుంది. డాబా ఎక్కితే మాత్రం ఊరంతా మనదే. దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ, దానికి ఇవతల రేవు మొగ. ఒక కొండపై దర్గా, ఒక కొండపై వేంకటేశ్వరుని కోవెల, మరియొక కొండపై మేరీమాత చర్చి. 1933లో రేవు తెరచుకొన్ననాటి నుండి ఓడలు ఆ మూడు కొండల చెంతగానే లోనికి వస్తున్నవి. మా దాదా ఆ ఓడల మీదనే కళాసీగా పనిచేసి, విశ్రాంతి పొందిన పిమ్మట డాబామీదికి మకాం మార్చారు. అక్కడ ఆయన పావురాలున్నవి: లక్కాలు నాలుగు జతలు, గిరిబాజులు తొమ్మిది జతలు, వెరసి ఇరవైయారు పక్షులు.

అక్బరు పాదుషా కొలువులో ఇరవై వేలకు పైగా పావురాలుండేవని అబుల్ ఫజల్ ‘ఐన్-ఎ-అక్బరీ’లో వ్రాశాడు. పావురాలను ఎగురవేసే వేడుకకు పాదుషా ‘ఇష్క్‌బాజీ’ అని పేరు పెట్టుకొన్నాడట. “ఆయనకు ఇరవై వేలు, నాకు ఇరవైయారు. ఇష్క్‌కు లెక్కతో పనేమున్నది?” అనేవారు దాదా. మా ఎదురింటి పంతులుగారు ఆయనను ‘శిబి చక్రవర్తీ’ అని పిలిచేవారు. డేగ వచ్చి తూచమంటే మీ తొడకండ చాలదని హాస్యమాడేవారు.

పావురం వేడుకకు మాత్రమే పుట్టిన పక్షి కాదు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు మన విశాఖపట్నం జిల్లాలో చేరియున్న కోరాపుట్‌లో, 1946లో అక్కడి పోలీసు శాఖ పావురాల టపాను ప్రారంభించింది. సైన్యం ఇచ్చిన 200 పక్షులతో ఆ పని మొదలైనది. 1948లో జవహర్‌లాల్ నెహ్రూ సంబల్‌పూర్ నుండి కటక్‌కు పంపిన సందేశాన్ని మోసినది ఆ శాఖ పావురమే. 1999 పెనుతుపానులో తీగలు తెగిపడినప్పుడు కూడ అవి వార్తలు చేరవేసినవి. తరువాత వైర్‌లెస్సు, టెలిఫోను విస్తరించి ఆ సర్వీసుకు స్వస్తి చెప్పబడింది. అయితే ఆ విద్య అంతటికీ ఆధారం ఒక్కటే. పావురం వార్తను మోసుకొని గమ్యానికి పోదు. తన గూటికి తిరిగి వస్తుంది. గూటిమీద మమకారం లేని పక్షికి వార్త కట్టి ప్రయోజనం లేదు. కావున గూడు ఎట్లు కట్టాలి, ఎక్కడ కట్టాలి అన్న ప్రశ్న చిన్నదిగా తోచినను చిన్నది కాదు.

ఇక మా గూటి కథకు వస్తాను.

2014 అక్టోబరు 12, ఆదివారం. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. ఆనాడు మధ్యాహ్నం మన నగరంపై తీరం దాటిన తుపానుకు ఒమాన్ దేశం పెట్టిన పేరు ‘హుద్‌హుద్’. సులైమాన్ ప్రవక్తకు సబా రాణి వార్త తెచ్చిన పక్షి పేరది. ఖురాను షరీఫులో నమ్ల్ సూరా చదివినవారందరికీ తెలిసిన పేరు. వార్తలు తెచ్చే పక్షి పేరుతో వచ్చిన గాలి గంటకు దాదాపు 180 కిలోమీటర్ల వేగంతో వీచి ఊరి చెట్లను కూల్చి, విమానాశ్రయపు పైకప్పును చీల్చి, రోజుల తరబడి వార్తలన్నిటినీ బంధించివేసింది. ముందు రోజు సాయంత్రమే దాదా పావురాలను గంపలలో క్రిందికి దించి, వెనుక గదిలో పెట్టి, గంపలపై తడిపిన గోనెలు కాక పొడి గోనెలు కప్పారు. గాలి మొదట ఈశాన్యం నుండి వీచింది. తరువాత కొంతసేపు ఊపిరి బిగబట్టినట్లు ఆగి, దిక్కు మార్చుకొని, దక్షిణపు వైపునుండి తిరిగి మొదలైనది. మరునాడు డాబా ఎక్కి చూస్తే వెదురు తడికలతో, పెంకులతో దాదా ముప్పయి ఏళ్ల క్రితం కట్టుకొన్న గూడు ఉన్న చోట నాలుగు ఇటుకలు మిగిలినవి. పక్షులు ఇరవైయారూ బ్రతికినవి.

మా అబ్బాజాన్ ఉక్కుపనిలో చేయి తిరిగిన వెల్డరు. మాట తక్కువ మనిషి. గూడు పోయిన నాటి నుండి దాదా డాబామీద ఇటుకల దగ్గర కూర్చొనడం ఆయన చూడలేకపోయారు. 2015 వేసవిలో సెలవు దినాలన్నీ వెచ్చించి, తన సొమ్ముతో ఇనుప రేకులు, కోణపు కమ్మీలు కొని, పావురాలకు ఒక కోట కట్టారు. పొడవు ఆరడుగులు, వెడల్పు నాలుగు, ఎత్తు ఐదు. నాలుగు ప్రక్కలా రేకు, పైనా రేకు. పడమటి గాలితో వచ్చే నల్లని నుసి చొరబడకుండా అతుకులన్నీ పూడ్చారు. వాయవ్య మూలన నీళ్ల తొట్టి స్తంభాలకు దానిని వెల్డింగు చేసి బిగించారు. ముందు ఒక తలుపు, తలుపులో జానెడు జాలీ. “హుద్‌హుద్ తాత వచ్చినా కదలదు అబ్బా,” అన్నారు. దాదా దానిని చేతితో తట్టి, “శభాష్ బేటా,” అన్నారు. ఆయన ముఖంలో ఒక సందేహం కదలాడినదని ఇప్పుడనిపిస్తున్నది. కొడుకు ప్రేమను ఏ తండ్రి తూచి చూడగలడు?

ఆ గూటిలోనికి తుపాను రాలేదు. గాలి కూడ రాలేదు.

మొదటి ఏడు ఎట్లో గడిచింది. 2016 వానకాలంలో పక్షులు రెక్కలు జార్చి, మెడలు ముడుచుకొని, నోళ్లు తెరచి ఊపిరి తీయసాగినవి. ముక్కులపై తెల్లగా ఉండవలసిన పొర బూడిదరంగుకు తిరిగింది. గంట్లు, జొన్నలు చల్లిన చోటనే ఉండిపోయేవి. రెండు నెలలలో తొమ్మిది పావురాలు చనిపోయినవి. అదే కాలంలో దాదాను పొడిదగ్గు పట్టింది. గూడు శుభ్రం చేసిన సాయంత్రం జ్వరం, ఆయాసం. రెండు రోజులు డాబా ఎక్కకుంటే నెమ్మది. పరీక్షించిన వైద్యుడు ఇది అంటువ్యాధి కాదనీ, పావురాల రెక్కల పొడి, ఎండిన రెట్టల ధూళి ఊపిరితిత్తులకు సరిపడక లోపల వాపు వస్తున్నదనీ, ఏళ్లతరబడి సాగితే ఊపిరితిత్తులు బిరుసెక్కిపోగలవనీ, మందుకన్న ఆ ధూళికి దూరమగుటే ప్రధానమనీ చెప్పాడు.

ఆ రాత్రి అమ్మీ తేల్చి చెప్పింది: “పక్షులైనా ఉండాలి, మామయ్యగారైనా ఉండాలి. శుక్రవారం లోపల వాటిని ఎవరికైనా ఇచ్చివేయండి.” అబ్బాజాన్ ఏదో మందుచల్లి, నేల కడిగి చూద్దామన్నారు. దాదా మెల్లగా, “బేటా, జబ్బు పక్షులది కాదు, గూటిది,” అన్నారు. అబ్బాజాన్ లేచి వెళ్లిపోయారు. పిమ్మట మూడు వారాలు తండ్రీకొడుకుల నడుమ సలాము తప్ప మాట లేదు.

ఒక గురువారం సాయంత్రం అమ్మీ అలవాటు ప్రకారం ఇంటిలో లోబాన్ పొగ వేసింది. దాదా ఆ ధూపపాత్రను నా చేతికిచ్చి, ముక్కుకు రుమాలు కట్టుకొని డాబామీదికి నడిచారు. పక్షులను బయటకు విడిచి, పాత్రను గూటిలో పెట్టి తలుపు మూయమన్నారు. కొంతసేపటికి పాత్రను తీసి, జాలీలోనుండి చూడమన్నారు. పొగ కప్పు క్రింద దుప్పటివలె పరుచుకొని కదలక నిలిచియున్నది. మగ్రిబ్ నమాజుకు వెళ్లి వచ్చినను అది పూర్తిగా పోలేదు. “ఈ పొగ కంటికి కనబడుతున్నది. ఇరవైయారు పక్షులు రాత్రంతా విడిచిన ఊపిరి కనబడదు. అంతే తేడా,” అన్నారు దాదా. మెట్లమీద నిలిచి అబ్బాజాన్ ఆ మాట విన్నారని నాకు అప్పుడు తెలియదు.

తరువాత సైన్సు పాఠాలలో చదివిన విషయాలను దాదా మాటలతో జోడించుకొంటే నాకు అర్థమైనది ఇది. పావురం ఒంటి వేడి 41, 42 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది. దానికి చెమట పట్టదు. అధిక వేడిని నోటిద్వారా, శ్వాసద్వారా కూడ బయటకు పంపుతుంది. శ్వాసతోపాటు తేమ వస్తుంది. విశాఖ వంటి సముద్రతీరపు ఊరిలో బయటి గాలియే తడిగా ఉంటుంది కనుక, మూసిన పెట్టెలో ఆ తేమకు పోవుచోటు లేదు. రేకు పగలు పెనమై కాలుతుంది. తెల్లవారుజామున చల్లబడి, లోపలి తేమ చుక్కలుగా మారి పక్షులమీద రాలుతుంది. తడిసిన రెట్టలనుండి అమ్మోనియా లేస్తుంది. ఉదయం తలుపు తీయగానే మనిషి కండ్లు మండినవంటే, రాత్రంతా అందులో ఉన్న పక్షి ముక్కు, గొంతు ఏమైనవో ఊహించుకొనవచ్చును. గుడ్లు పెట్టి, పదునేడు పదునెనిమిది రోజులు పొదిగి, పిల్ల పుట్టిన మొదటి రోజులలో తల్లీతండ్రీ ఇద్దరూ తమ గొంతుసంచిలో ఊరిన పాలవంటి పదార్థంతో పోషించే జాతి ఇది. అట్టి తలిదండ్రులకు కడుపునిండ గాలి లేకుంటే పిల్లకు పాలెక్కడివి?

ఇక చోటు లెక్క చూడండి. మా ఇనుప గూడు నూటయిరవై ఘనపుటడుగులు. ఇరవైయారు పక్షులకు పంచితే తలకు నాలుగున్నర పైచిలుకు. దాదా పాత గూటిలో దానికి మూడింతలు ఉండేదట.

మరి గూటినిండ రంధ్రాలు పొడిస్తే సరిపోదా అని నేను అడిగాను. అందుకు దాదా ఒక కొవ్వొత్తి తెప్పించారు. పక్షి కూర్చొనే దండెం దగ్గర వెలిగిస్తే జ్వాల నిలకడగా ఉండాలి. అదే సమయంలో లోబాన్ పొగ నెమ్మదిగా పైకి లేచి బయటకు పోవాలి. జ్వాల రెపరెపలాడితే అది ఈదురుగాలి, నిద్రించే పక్షికి పగ. పొగ నిలిచిపోతే అది ఉక్క, నిదానమైన విషం. రెంటి నడుమ దారి కనిపెట్టడమే గూడు కట్టడమన్నారు. ఎదురెదురు గోడలలో రంధ్రాలు పొడిస్తే గాలి పక్షి ఒంటిమీదుగా దూసుకొనిపోతుంది. మూడు ప్రక్కలు మూసి, ఒక ప్రక్క తెరచి, దండేలను తెరచిన ప్రక్కకు దూరంగా వెనుక గోడకు అమర్చాలి. దండెం ఎత్తున వెనుక గోడలో రంధ్రం ఉండరాదు. నేల దగ్గర, అట్టడుగు దండేనికంటె క్రిందుగా, చల్లని గాలి వచ్చుటకు సన్నని దారి. కప్పు కొప్పున, చిన్న గొడుగు క్రింద, వేడిగాలి పోవుటకు దారి. వేడిగాలి తనంత తాను పైకి లేచి పోతుంటే క్రిందినుండి క్రొత్తగాలి తనంత తాను వస్తుంది. పంకా అక్కరలేదు.

చోటు నిర్ణయించుట ఇంకను కష్టమైనది. మన తీరం నైరుతి నుండి ఈశాన్యానికి సాగుతుంది. సముద్రం ఆగ్నేయాన ఉన్నది. పగలు సముద్రపుగాలి అటునుండి వస్తుంది. రాత్రి నేలగాలి వాయవ్యం నుండి సముద్రానికి పోతుంది. వేసవిలో మేమందరం డాబామీదనే పడుకొంటాము. అబ్బాజాన్ కట్టిన గూడు వాయవ్య మూలన ఉండడంచేత రాత్రంతా ఆ ధూళి దాదా మంచంమీదికే వచ్చేది. ఆగ్నేయ మూలకు మార్చితే పగటిగాలి దానిని ఇంటిమీదికి తెస్తుంది. వేసవిలోను, వానకాలంలోను బలంగా వీచేది నైరుతి గాలి కనుక ఆ మూల కూడ పనికిరాదు. మిగిలినది ఈశాన్యం. అక్కడ తుపాను గాలి భయం ఉన్నది. కాని మాకు ఆ వైపున పొరుగువారి రెండంతస్తుల గోడ అడ్డుగా ఉన్నది. నీళ్లతొట్టి తడికి అది దూరం. ముఖం ఆగ్నేయానికి పెడితే ఉదయపుటెండ నేలమీద పడి రెట్టలను ఆరబెడుతుంది. వెనుకగోడ, ప్రక్కగోడ పడమటి ఎండను, నైరుతి జల్లును, నల్లని నుసిని అడ్డుకొంటవి.

ఈ లెక్కంతయు దాదా బొగ్గుతో డాబా నేలమీద గీశారు. మరునాడు ఉదయం ఆ గీతల ప్రక్కన ఎవరో సుద్దముక్కతో కొలతలు వేసియున్నారు: ఎనిమిది, ఆరు, ఆరున్నర. అది అబ్బాజాన్ చేతివ్రాత. ఆ ఆదివారం ఆయన గ్యాసు కటింగు పనిముట్లు పైకి మోసుకొనివచ్చారు. తన చేతులతో పూడ్చిన అతుకులను తన చేతులతోనే కోయడం మొదలుపెట్టారు. నిప్పురవ్వలు ఎగసిపడుతుంటే ఆయన ముఖం కనబడలేదు. మొదటి రేకు విడిపడి నేలమీద పడ్డప్పుడు దాదా, “తొందరపడకు బేటా, గుండె మీద కాదు కోస్తున్నది,” అన్నారు. అబ్బాజాన్ ముసుగు పైకెత్తి, “నాకు అక్కడనే తగులుతున్నది అబ్బా,” అన్నారు. పిదప ఇద్దరూ నవ్వారు. మూడు వారాల మౌనం ఆ నవ్వుతో తెగిపోయింది.

నాలుగు వారాలలో క్రొత్త గూడు లేచింది. ఇటుక స్తంభాలపై అడుగున్నర ఎత్తు, డాబా వేడి తగలకుండా. అవే రేకులు, కాని పైన తాటాకు, ముందు రెండడుగుల చూరు, ముఖమంతా జాలీ, జల్లు కొట్టినప్పుడు దించుటకు వెదురు తడికలు. ఇరవై పక్షులకు మించరాదని దాదా నియమం పెట్టారు. అప్పుడు తలకు పదిహేను ఘనపుటడుగులకు తక్కువ కాదు. గొలుసులతో బిగించినను, మరొక హుద్‌హుద్ వస్తే ఇది నిలుస్తుందా అని అబ్బాజాన్ అడిగారు. “నిలువదు,” అన్నారు దాదా. “పెనుతుపాను వచ్చే రోజుకు గంపలున్నవి. గూడు కట్టవలసినది మిగిలిన రోజులకు.”

ఆ సాయంత్రం కొవ్వొత్తి పట్టుకొన్నది నేనే. జ్వాల నిలిచింది, పొగ కొప్పుదారిన సన్నని తీగవలె సాగి సముద్రపుగాలిలో కలిసిపోయింది. మిగిలిన పదునేడు పక్షులలో ఆ వానకాలం తరువాత ఒక్కటి కూడ ఆ జబ్బుతో చావలేదు. దాదా మాత్రం మరల గూటిలోనికి అడుగు పెట్టలేదు. ముక్కుకు గుడ్డ కట్టుకొని, రెట్టలపై నీళ్లు చిలకరించి, ధూళి లేవకుండా శుభ్రం చేయడం నాకు నేర్పి, తాను గాలికి ఎగువన మంచం వేసుకొని చూచేవారు. దగ్గు పూర్తిగా పోలేదు గాని పెరుగలేదు. 2022లో ఆయన కన్నుమూసేవరకు పక్షులూ ఉన్నవి, ఆయనా ఉన్నారు. అమ్మీ పెట్టిన షరతు ఆ విధంగా ఓడిపోయింది.

అయితే అమ్మీ ఊరకుండలేదు. గూడు పూర్తయిన రోజున అందరికీ టీ ఇస్తూ, “పక్షులకు పైన ఒక దారి, క్రింద ఒక దారి పెట్టారు. పదునాలుగేళ్లుగా నేను వంట చేస్తున్న గదికి ఒక్క కిటికీ లేదు. అక్కడ కూడ కొవ్వొత్తి వెలిగించి చూస్తారా?” అన్నది. ఎవరికీ మాట రాలేదు. నిజమే. ఆమె కూడ ఏళ్ల తరబడి దగ్గుతూనే ఉన్నది; ఆ దగ్గు మాకు గోడ గడియారం చప్పుడువలె అలవాటైపోయింది. ఆ మరుసటి ఆదివారం అబ్బాజాన్ వంటగది గోడకు పైన ఒక వెంటిలేటరు, తలుపు క్రింద ఒక జాలీ పెట్టారు. గురువారం లోబాన్ పొగ ఆ గదినుండి కూడ బయటకు పోవడం చూచి దాదా, “నేను ముందుగా చూడవలసిన గూడు ఇది,” అని తలవంచుకొన్నారు.

మిత్రులారా, మనలో పలువురు రేపు ఇంజనీర్లు, మేస్త్రీలు, ఉపాధ్యాయులు అగుదురు. అందరూ గృహస్థులు అగుదురు. ఇల్లు కట్టునాడు బలం చూచుకొనుట సహజమే. దానితోపాటు రాత్రి మూడు గంటలకు ఆ గదిలో నిద్రించేవారి ఊపిరి ఎటు పోతున్నదో కూడ చూడవలసిందిగా నా మనవి.

కళాశాల కమిటీ పెద్దలకు కూడ ఒక విన్నపం. మన పఠనాలయంలో వెనుకవైపు కిటికీలు రెండూ పుస్తకాల బీరువాల వెనుక మూతపడియున్నవి. మధ్యాహ్నం మూడు దాటిన తరువాత అక్కడ కూర్చొన్న విద్యార్థులు నిద్రపోతున్నారని ఫిర్యాదు వచ్చినట్లు విన్నాను. బీరువాలను ప్రక్కగోడకు జరిపితే చాలునని నా అభిప్రాయం. పెద్దలు అనుమతిస్తే ఒక గురువారం సాయంత్రం కొవ్వొత్తి, లోబాన్ నేను తెచ్చుకొనగలను.